కొననివాళ్ళ నష్టం

కోర్టుకి రాగానే సుభాషిణి ఉప్పాడ రేవులోంచి ఐసు కూటమిని తీసేసింది. ఏదైనా జరగకుంటే లోకం ఎలా ఉండేదో చూపే యంత్రం ప్రతిలోకం; దాని తెర కాసేపు మసకబారి, మళ్ళీ తేరుకుంది. అదే సముద్రం, అవే పడవలు. ఐసు ఫ్యాక్టరీలు మాత్రం కూడబలుక్కుని ధర పెంచలేదు. ఒకదానితో ఒకటి పోటీపడి అమ్ముతున్నాయి. ఆ లోకపు ధరకీ, జనం నిజంగా కట్టిన ధరకీ మధ్య తేడాయే నష్టం. దాన్ని తేల్చి సంతకం పెట్టడమే పరిహార న్యాయస్థానంలో ఆర్థికవేత్తగా ఆమె ఉద్యోగం.

పడవలవాళ్ళు ఆ భారాన్ని చేపల ధరలో కలిపి జనం మీదకు నెట్టేశారని కూటమి వకీలు పాణిగ్రాహి వాదన. తిలా పాపం తలా పిడికెడు అన్నమాట! ప్రతిలోకం దానికీ లెక్కకట్టి, ఎవరి పిడికెడు వాళ్ళకు పంచింది.

పరిహారం అడిగినవాళ్ళలో చివరికి ఒక్క పేరు మిగిలింది.

'ఓలేటి నాంచారమ్మ. కొనుగోలు జాడ లేదు. నష్టం సున్నా. తొలగించమంటారా?'

నాంచారమ్మ ఎదురుగా బెంచీ మీదే ఉంది. ఒకప్పుడు గంపలో ఐసు వేసుకుని ఊరూరా చేపలమ్మేది. ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీస్తోంది. నీళ్ళలో నాని నాని వేళ్ళు ముడతలు పడ్డాయి.

"ఐసు కొనడం ఎప్పుడు మానేశారమ్మా?"

"రేటు పెంచేసినప్పుడేనండీ. కొంటే మిగిలేదేం లేదు, కొనకపోతే చేప ఆగదు. యాపారమే మానేశానండీ."

"కొనని ఐసుకి పరిహారమేమిటి మేడమ్?" అన్నాడు పాణిగ్రాహి. "నిబంధన స్పష్టంగా ఉంది."

ఉన్నమాటే. అందుకే ఇలాంటివాళ్ళను ప్రతిలోకంలో వెతకమని ఎవరూ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదు, యంత్రం పెడుతుందా?

సుభాషిణి అడిగింది.

తెరమీద ఒక సందు తేలింది. సందు మొగలో చేపల దుకాణం. ఐసు పరిచిన బల్ల వెనక నాంచారమ్మ వంజరం కోస్తూ ఎవరితోనో బేరమాడుతోంది.

బెంచీ మీది నాంచారమ్మ లేచి తెర దగ్గరకొచ్చింది.

"అది నేనేనాండీ?" అంది. "ఆ పక్కనుంది మా పెద్దపిల్లండీ. బడి బట్టలేసుకుంది." పిల్లనే చూస్తూ అంది: "ఇక్కడ నాతోపాటే షెడ్డులో ఉంటాదండీ."

సుభాషిణికి దుఃఖం ముంచుకొచ్చింది.

'తొలగించమంటారా?' ప్రతిలోకం మళ్ళీ అడిగింది.

"వద్దు. కొనుగోలు జాడ నిబంధన పక్కనపెట్టి మళ్ళీ లెక్కకట్టు. సంతకం నాది."

ఆ అధికారం ఆర్థికవేత్తకు మొదటినుంచీ ఉంది. వాడినవాళ్ళే లేరు.

పాణిగ్రాహి అదిరిపడ్డాడు. "ముగిసిన కేసులన్నీ తిరగబడతాయి మేడమ్! మీ ఉద్యోగం ఉండదు."

"పోనివ్వండి," అంది సుభాషిణి.

ప్రతిలోకం చాలాసేపు తడుముకుంది. తర్వాత పేర్లు రావడం మొదలైంది. ఐసు కొనలేనివాళ్ళు, జబ్బుకి మందులు కొనలేనివాళ్ళు, విత్తనం కొనలేక పొలం బీడు పెట్టినవాళ్ళు. పాత కేసులన్నిటిలోంచీ వస్తూనే ఉన్నారు. వాళ్ళ మధ్య సందు బొమ్మ చిన్నదై తెర మూలకు జరిగింది.

నాంచారమ్మ ఆ మూలకే వంగి చూస్తోంది.

"అప్పుడే ఆపెయ్యకండమ్మగారూ," అంది. "పిల్ల బడి లోపలికెళ్ళిందాకా చూస్తాను."