లాడ్ బజార్ దాకా నడక

రోజూ అరగంట నడిస్తే షుగర్ రాకుండా చూసుకోవచ్చని క్లినిక్‌లో వంశీధర్ చెప్పగానే శాలిబండ ఆడవాళ్లంతా నవ్వారు.

"పని లేకుంట రోడ్డెంబడి తిరిగితే, ఇంట్ల లొల్లి పెట్టుకోని వచ్చిందనుకుంటరు సార్," అంది రాహేలు. ఆమె కూతురు బేబీ ఆ క్లినిక్‌లోనే నర్సు. ఆమె కూడా నవ్వు దాచుకోలేదు.

షుగర్ నివారణ పని మీద గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన వంశీధర్ ముఖం మాడిపోయింది. అందరూ వెళ్లాక, వాళ్లను తాను నడిపిస్తానంది బేబీ. ఎలాగని మాత్రం అడగొద్దంది. అతను అడగలేదు. ఆమెతో ఏం మాట్లాడాలన్నా ముందు మనసులో చదువుకునేవాడు. అది పూర్తయ్యేలోగా ఆమె వెళ్లిపోయేది.

నెల తిరిగేసరికి ఆడవాళ్ల బరువు తగ్గింది. ఆ సంతోషం అతనికి ఎక్కువసేపు నిలవలేదు. రాహేలు వాళ్లు రోజూ సాయంత్రం లాడ్ బజార్‌లో బేబీ పెండ్లికి గాజులు చూస్తున్నారని క్లినిక్ వరండాలో ఎవరో అనుకుంటుంటే విన్నాడు.

తోటి ఉద్యోగి పెళ్లి, సంతోషించాలి కదా అనుకున్నాడు. గట్టిగా ప్రయత్నించాడు కూడా. కుదరలేదు. పోనీ పెద్దమనిషిలా ఒక బహుమతైనా ఇద్దామని మర్నాడు సాయంత్రం లాడ్ బజార్‌కు వెళ్లి, శాలిబండ బేబీ పెళ్లికి ఏ గాజులు ఎంచుకున్నారని ఒక దుకాణంలో అడిగాడు.

"రోజు వస్తరు సాబ్," అన్నాడు దుకాణదారు నీరసంగా. "డబ్బాలన్నీ తీయిస్తరు, ఒక్క జోడు కొనరు. దుల్హా, పెండ్లికొడుకు ఎవరంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటరు."

అంతలో వాన అందుకుంది. తడిసిన కొంగులతో ఆడవాళ్లు దుకాణం పందిరి కిందికి పరుగెత్తుకొచ్చారు. వాళ్ల ముందు బేబీ. వంశీధర్‌ను చూసి ఆగిపోయింది.

"మీ పెళ్లికి గాజులు కొందామని..."

"ఏ పెండ్లి సార్? అదంతా వీళ్లను నడిపించనీకె. పెండ్లి గాజులకు పోతున్నమంటే ఇంట్ల ఎవ్వరడ్డం చెప్పరు. ఎవరి పెండ్లంటే అమ్మ నా పేరు చెప్పింది."

ఈసారి వంశీధర్ మనసులో ఏమీ చదువుకోలేదు.

"అయితే పెళ్లికొడుకు చోటు ఖాళీయేనా?"

బేబీ వాన వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఖాళీనే. మీరెప్పుడడుగుతరా అని చూస్తున్న."

రాహేలు అతన్ని పైనుంచి కిందికి, గాజును వెలుగులో పెట్టి చూసినట్టు చూసింది. "మీ అమ్మను, నాయనను తోల్కరా బిడ్డా, కూసోని మాట్లాడుకుందం," అంది.

దుకాణదారు ఉత్సాహంగా అన్నిటికన్నా మంచి డబ్బా దించి, కట్టెయ్యమంటారా అని అడిగాడు.

"ఇప్పుడే కొంటే రేపటిసంది ఎట్ల నడుస్తం భాయ్?" అంది రాహేలు. "పెండ్లి దాకా చూస్తనే ఉంటం."