కదలనిదాన్ని మళ్ళీ రాయదు

మా ఊరు తిమిష్వారాలో డిసెంబరు పొగమంచు దిగితే, మధ్యాహ్నం కాఫీ తాగి కప్పు కడిగేలోపే చీకటి పడిపోతుంది. ఆ రోజూ అంతే. పొయ్యి మీద క్యాబేజీ చుట్టలు సన్నసెగన ఉడుకుతున్నాయి. గోడవారన గదిని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టం టిక్కు టిక్కుమంటోంది. నేను కంప్యూటరు ముందున్న టిబేరియు కుర్చీలో కూర్చుని కళ్ళజోడు సర్దుకున్నాను.

టిబేరియు నా భర్త. పోయిన చలికాలంలో పోయాడు. ఆ కుర్చీని నన్ను తుడవనిచ్చేవాడే గాని కూర్చోనిచ్చేవాడు కాదు. "నీ బుర్రకెక్కదే ఇది" అనేవాడు. ఆయన నిద్రపోయాక ఆయన పుస్తకాలే చదివి, ఆ కంప్యూటరుని నడిపే లినక్స్ నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి ఆయనకు చివరిదాకా తెలియదు.

మా అమ్మాయి అంకుత్సా తొమ్మిదో ఏట జ్వరంతో పోయింది. దాని పేరు గుర్తుంది. అది పరిగెత్తుతుంటే మెట్లు మోగడం గుర్తుంది. ముఖం మాత్రం... ఈమధ్య కళ్ళు మూసుకుంటే ముఖం ఉండాల్సిన చోట తెల్లగా ఉంటోంది. జ్ఞాపకాలు ఇంకా పోతాయమ్మా అన్నాడు డాక్టరు. పోయేలోపు ఒక్కసారి చూసుకోవాలి. నాకు కావలసింది అంతే.

దాని ఆఖరి పుట్టినరోజు వీడియో ఒకటుంది. ఫోటోలు కూడా మిగల్చకుండా అన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, అసలువి పారేశాడు టిబేరియు. ఎక్కించింది తాను సొంతంగా రాసుకున్న కోడెక్‌తో. వీడియోని నొక్కి చిన్నది చేసి, మళ్ళీ విప్పి చూపించే లైబ్రరీ అది. అది లేకపోతే ఆ వీడియో ఉత్త చెత్త. ఎలా పనిచేస్తుందని ఒకసారి అడిగితే ఎగతాళిగా చెప్పాడు: "కదిలేదాన్ని రాసుకుంటుంది. కదలనిదాన్ని మళ్ళీ రాయదు. కంటికి ఆననిదాన్ని పారేస్తుంది. నీలాంటివాళ్ళని ముందు పారేస్తుంది."

ఆయన పోయాక వీడియో తెరుచుకోవడం మానేసింది. టిబేరియు ఒకప్పుడు నెట్‌లో పంచిన ఆ కోడ్‌నే బ్ర్నో ఊళ్ళో ఎవరో కుర్రాడు శుభ్రం చేసి కొత్తగా పెట్టాడు. ఆ సోర్స్ కోడ్ దింపుకున్నాను. దాన్ని నా చేత్తో కంపైల్ చేసి, అంటే నడిచే ప్రోగ్రాంగా కట్టుకుని ఎక్కించుకోవాలి.

అప్పుడే మా ఆడపడుచు జెనోవియా తలుపు తోసుకుని వచ్చింది. కింది అంతస్తులోనే ఉంటుంది.

"మా అన్నయ్య కుర్చీ ఎక్కావా వదినా! బాగుంది. ఇంక ఆయన ప్యాంట్లు కూడా తొడుక్కో."

"అంకుత్సా వీడియో చూద్దామని."

ఆమె గొంతు కాస్త తగ్గింది. "నేనల్లిన పసుపు స్వెట్టరు వేసుకుంది కదూ ఆ రోజు? ముందు పన్ను ఊడి, కొవ్వొత్తులు ఊదలేక ఎంత తంటాలు పడిందో... సరే, వస్తే పిలువు. నీకది చేతనైతే కదా!" అని దిగిపోయింది.

కంపైల్ మొదలుపెట్టాను. తెర మీద తెల్లటి వరుసలు చీమల బారులా పాకాయి. ఫ్యాను రొద పెట్టింది. కాలిన దుమ్ము వాసన. దాని వెనకే ఇంకో వాసన... ఆయన పొగాకు. కుర్చీకి పట్టేసిన వాసనే అనుకున్నాను. ఎక్కించడం పూర్తయింది. వీడియో నొక్కాను.

తెరుచుకుంది!

మా వంటిల్లు. బల్ల మీద కేకు. పడుచు జెనోవియా కత్తి పట్టుకుని నవ్వుతోంది. కుర్చీలో పసుపు స్వెట్టరు... దాని పైన ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు గళ్ళు. గుమ్మంలో ఇంకో బూడిదరంగు మరక. నిలువుగా, మనిషంత.

ఈ పనిలో అందరూ చేసే తప్పే నేనూ చేశాను. పాత లైబ్రరీని తీసేయకుండా కొత్తది పెట్టాను. యంత్రం మొదట వెతికే చోట టిబేరియు కట్టినదే ఉంది. దాన్నే పిలుస్తోంది. వెతికి పట్టుకుని చెరిపేశాను. మళ్ళీ వీడియో పెట్టాను.

మరక గుమ్మంలో లేదు. పిల్ల కుర్చీ వెనక ఉంది. స్వెట్టరు వెలిసిపోయింది.

ఏ లైబ్రరీని పిలుస్తున్నావని యంత్రాన్ని అడిగాను. టిబేరియుదే అంది. ఆ చోట చూశాను. అక్కడ ఏమీ లేదు. చెరిపేశాను కదా. మళ్ళీ అడిగాను. టిబేరియుదే.

ఆపేయాల్సింది. కాని ముఖం... ఒక్కసారి ముఖం... మూడోసారి నొక్కాను.

కుర్చీ ఖాళీ. జెనోవియా ఖాళీ కుర్చీని చూసి చప్పట్లు కొడుతోంది. కేకు మీద కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఊదేవాళ్ళు లేరు.

స్పీకర్లో ఎవరో సన్నగా దగ్గారు.

నేను అరిచినట్టున్నాను. జెనోవియా రొప్పుతూ పైకొచ్చింది. తెర చూసి మొహం చిట్లించింది.

"ఎవరి పుట్టినరోజే ఇది? ఎవరూ లేని కుర్చీ ముందు కేకు పెట్టి, నన్ను పిచ్చిదానిలా చప్పట్లు కొట్టించావా?"

"అంకుత్సాది, జెనోవియా..."

"ఎవరూ?"

"నీ మేనకోడలు! ఇందాకేగా చెప్పావు... నువ్వల్లిన పసుపు స్వెట్టరు..."

ఆమె నన్ను జాలిగా చూసింది. అంత భయం నాకెన్నడూ వేయలేదు. ఆమె నన్ను జాలిగా చూడడం అదే మొదటిసారి. "పసుపు ఊలు నేనెప్పుడు కొన్నాను వదినా? నీకు పిల్లలెక్కడ పుట్టారు? మాత్రలేసుకుని పడుకో." తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

కూర్చుండిపోయాను. మరిచిపోయేది నేను కదా... ఆమె ఎలా మరిచింది?

వీడియో అయిపోలేదు. తెర మీద ఇప్పుడు ఇదే గది. ఇదే కుర్చీ. కుర్చీలో నెరిసిన జుట్టు. వీపు. ఎవరో నా వెనక నిలబడి తీస్తున్నట్టుంది.

వెనక్కి తిరగలేదు. బిగుసుకుపోయాను.

స్పీకర్లోంచి గుసగుస. "కదలనిదాన్ని... మళ్ళీ రాయదు."

చేతులు ఊపాను. తల ఊపాను. కుర్చీతో సహా ఊగాను. తెర మీది ముసలిది మాత్రం కదల్లేదు. భుజాల దగ్గర బూడిదరంగు గళ్ళు మొదలయ్యాయి. జుట్టు పోయింది. మెడ పోయింది...

తీగ పట్టి లాగేశాను. తెర నల్లబడింది. పొయ్యి ఆర్పానో లేదో గుర్తులేదు. తలుపు తాళం వేసి, గోడ పట్టుకుని మెట్లు దిగి జెనోవియా తలుపు బాదాను.

గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది.

"ఎవరమ్మా మీరు? ఎవరు కావాలి?"

"జెనోవియా, ఆటలొద్దు. నేను. వెటూరియాని. మీ వదినని."

"నాకు వదినేమిటి?" అంది అనుమానంగా. "ఉన్నది ఒక్క అన్నయ్య. పై ఇంట్లో ఒక్కడే ఉంటాడు. పెళ్ళే చేసుకోలేదు."

"మీ అన్నయ్య పోయాడు! పూడ్చినప్పుడు నా పక్కనే నిలబడి ఏడ్చావు!"

ఆమె తల పైకెత్తి వింది. మొహం మెత్తబడింది.

పైన, నేను తాళం వేసి వచ్చిన ఇంట్లో, కుర్చీ కిర్రుమంది. రెండు వేళ్ళతో మీటలు నొక్కుతున్న చప్పుడు, తీరిగ్గా. వరుస చివర ఒక్క మీటని గట్టిగా బాదే ఆ అలవాటు టిబేరియుదే.

"అదిగో" అంది జెనోవియా. "పనిలో ఉన్నాడు. అయిపోవచ్చింది."