నాన్న ఫోన్‌లో పట్టని పేజీ

ఆ ఆదివారం కృపానందం తెల్లవారకముందే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండు గ్లాసుల్లో టీ పోశాడు. ఒకటి కొడుకు గది ముందున్న స్టూలు మీద పెట్టి, "అయ్యా, టీ" అన్నాడు. లోపలినుంచి "ఊఁ" అని వినిపించింది. ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య రోజు మొత్తంలో నడిచే మాటల్లో అది సగం. మిగతా సగం రాత్రి కంచాల దగ్గర.

మాచర్ల డిపోలో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసిన మనిషికి ఇది మామూలు శిక్ష కాదు. బస్సు నిండా జనంతో వాదులాడి, పరాచికాలాడి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టించి బతికినవాడు. ఇంటికొస్తే భార్య మరియమ్మ ఉండేది, ఆమెకూ మాటలకు కరువు లేదు. ఆమె పోయి ఆ రోజుకి ఏడాది. ఇప్పుడు కృపానందం ఫ్యాను చప్పుడు వింటూ కూర్చుంటున్నాడు.

కొడుకుని తప్పుపడదామంటే నోరు రాదు. తల్లి పోగానే హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి, సామానంతా వేసుకుని సొంతూరు రెంటచింతల వచ్చేశాడు ప్రవీణ్ కుమార్. ఉద్యోగం ఇంటినుంచే. ఒకే వెబ్ యాప్ చిన్న ఫోన్‌లోనూ, ట్యాబ్‌లోనూ, పెద్ద మానిటర్‌లోనూ చెదిరిపోకుండా ఇమిడేట్టు చేయడం వాడి పని. కొత్తలో ఓపిగ్గా వివరిస్తే, "అంటే పండగరోజు బస్సులో జనాన్ని సర్దడమన్నమాట" అన్నాడు కృపానందం. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత పని పెరిగింది, గది తలుపు మూసుకుంది.

చర్చికి కూడా వాడే ఒక యాప్ చేసిపెట్టాడు. పోయినవాళ్ళ పేరు పూజలో చదివించాలంటే ఇదివరకు చర్చి పనులు చూసే ఉపదేశిగారి చెవిన వేసేవాళ్ళు. ఇప్పుడు ఫోన్‌లో పేరు పంపితే ఫాదర్‌గారికి చేరుతుంది. "అమ్మ పేరు నువ్వే పంపు నాన్నా, నీ చేత్తో పంపితే బాగుంటుంది" అని వారం ముందే చెప్పాడు ప్రవీణ్.

పూజలో ఫాదర్‌గారు ఒక్కో పేరే చదువుతుంటే కృపానందం చేతులు జోడించుకుని ఎదురుచూశాడు. పేర్లు అయిపోయాయి. మరియమ్మ పేరు రాలేదు. పూజ అవగానే ఫాదర్‌గారు పక్క ఊళ్ళో పూజకి బండెక్కి వెళ్ళిపోయారు. తండ్రీకొడుకులు ఎండలో రోడ్డుకి చెరోవైపు నడుచుకుంటూ ఇల్లు చేరారు.

చెప్పులు విప్పకముందే ప్రవీణ్ అందుకున్నాడు. "ఏంది నాన్నా ఇది? అమ్మ పేరు పంపడం కూడా మర్చిపోయావా?"

"పెట్టాన్రా."

"పెడితే ఎందుకు చదవరు? వచ్చిన పేర్లన్నీ నా ఫోన్‌లో కనపడతన్నాయి, చూడు. అమ్మది రాలా. రాలేదంటే నువ్వు పంపలా."

"నీ యాప్ మింగిందేమో!"

"అదేం మింగదు. అన్ని సైజుల ఫోన్లకీ సరిచూశాకే ఇచ్చా."

"అయితే నేను అబద్ధమాడతన్నానా?" కృపానందం జేబులోంచి ఫోన్ తీశాడు. "మీ అమ్మ పేరు మర్చిపోతానట్రా నేను? ఇదిగో, నీ ఎదురుగానే పెడతా, చూసుకో."

మంచం మీద కూర్చుని, ఫోన్ ముక్కుకి ఆనేంత దగ్గరగా పట్టుకుని, ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. పేరు పూర్తయ్యాక దాన్నే కాసేపు చూసి, ఫోన్ పక్కన పెట్టేశాడు. "ఆరోజూ ఇట్టనే పెట్టా."

"మరి 'పంపించు' నొక్కలేదే?"

"అదేడుంది?"

ప్రవీణ్ ఫోన్ తీసుకున్నాడు. అక్షరాలు ఒక్కొక్కటీ రేగుపండంత ఉన్నాయి. తల్లి పేరుతోనే స్క్రీన్ నిండిపోయింది. కిందుండాల్సిన బటన్ అంచు దాటి ఎక్కడికో పోయింది. పైకి జరుపుదామంటే పేజీ కదల్లేదు. కదలకుండా ఉంటే అందంగా ఉంటుందని కట్టేసింది తనే. ఫోన్ల సైజులన్నీ చూశాడు గాని, అక్షరాలను ఇంత పెద్దవి చేసుకునే మనిషి ఉంటాడని అనుకోలేదు.

"ఎప్పుడు పెంచావు నాన్నా ఇంత?" అన్నాడు మెల్లగా.

"మీ అమ్మ పోయినాక. నాకు చానాళ్ళనుంచే కంటికి ఆనట్లా. తనున్నప్పుడు అన్నీ చదివి పెట్టేది. పేపరు, బైబిలు, నువ్వు పంపే మెసేజీలు. ఇప్పుడెవరు చదువుతారు? పెంచుకున్నా. అదీ ఆనకపోతే ఇంకాస్త పెంచుకున్నా."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబుదామనే నీ గది కాడికొచ్చా. లోపల ఎవరితోనో నవ్వుతా మాట్లాడతన్నావ్. అమ్మ పోయినాక నువ్వు నవ్వటం అప్పుడే విన్నా. చెడగొట్ట బుద్ధి కాలా. కాసేపు తలుపు కాడ నిలబడి వచ్చేశా."

ప్రవీణ్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "అది మీటింగు నాన్నా. అందరూ నవ్వితే నవ్వా. బయటికొస్తే అమ్మ కూర్చునే చోటు ఖాళీగా కనపడుద్ది. నేను చూడలేక తలుపేసుకుంటన్నా."

ఒకే కప్పు కింద ఇద్దరూ ఏడాదిపాటు విడివిడిగా కుమిలిపోయారని కృపానందానికి అప్పుడు తెలిసింది. కొడుకు వీపు నిమిరాడు.

ప్రవీణ్ ఫాదర్‌గారికి ఫోన్ చేశాడు. "పేరు పంపించండి బాబూ, రేపు పొద్దున పూజలో చదువుతాను" అన్నారాయన. ప్రవీణ్ తనే పంపేయొచ్చు గాని, నాన్న చేత్తోనే పంపించాలనుకున్నాడు. ఏసీ గదిలోంచి లాప్‌టాప్ తెచ్చుకుని తండ్రి మంచం మీదే కూర్చున్నాడు. ఏదో మార్చి, "కనపడతందా?" అన్నాడు. లేదు. మళ్ళీ మార్చాడు. సగం బటన్ తొంగిచూసింది. ఉక్కపోతకి చెమటలు కారుతున్నా లేవలేదు. కొడుకు మోకాలు తన మోకాలికి తగులుతుంటే కృపానందానికి ప్రాణం లేచొచ్చినట్టుంది.

మూడోసారి మరియమ్మ పేరు కింద 'పంపించు' అని పెద్ద అక్షరాలతో నిండుగా కనపడింది. నొక్కితే పని అయిపోతుంది. పని అయిపోతే వాడు లేచి వెళ్ళిపోతాడు.

"ఇప్పుడు?" అన్నాడు ప్రవీణ్.

"కనపడట్లా" అన్నాడు కృపానందం.

ప్రవీణ్ వంగి చూశాడు. బటన్ తండ్రి బొటనవేలి పక్కనే ఉంది. తలెత్తి తండ్రి ముఖంలోకి చూశాడు. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"అవున్నాన్నా, ఇంకా కుదర్లా" అన్నాడు ప్రవీణ్, లాప్‌టాప్ మూసి పక్కన పెడుతూ. "తొందరేముంది, సాయంత్రం దాకా చూద్దాం." ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

కృపానందం కొడుకు భుజం మీద తల ఆనించి, ఏడాదిగా దిగమింగుకున్నదంతా ఏడ్చాడు. ఆ తర్వాతే ఇద్దరూ కలిసి మరియమ్మ పేరు పంపారు.