రెండో ప్లాట్‌ఫారం కాపురం

ఎం.ఎస్సీ. సీటు వచ్చిందన్న కబురు ఫోనులో మోగేసరికి రోహిణి సూట్‌కేసు మీద కూర్చుని దాని జిప్పు లాగుతోంది. మనిషి కూర్చుంటేగాని మూతపడని సూట్‌కేసు అది. మెసేజ్ చదివి ఆమె ఒక్క గెంతు గెంతింది. సూట్‌కేసు తెరుచుకుని చీరలన్నీ పైకి ఉబికాయి.

డిగ్రీ అయ్యాక ఐదేళ్ళపాటు ఆమె ధర్మాబాద్‌లో నాన్న మిర్చి దుకాణంలో కూర్చుంది. వృక్షశాస్త్రంలో ఫస్ట్‌క్లాసు తెచ్చుకున్న పిల్ల, మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ వయసు గడిపింది. ఈ వేసవిలో పెళ్ళై నాందేడ్ వచ్చింది. మళ్ళీ చదువుకొమ్మని పోరుపెట్టి దరఖాస్తు చేయించింది భర్త జగదీశ్వర్. అతనికి ఆ ఊళ్ళోనే వజీరాబాద్ పేటలో బట్టల దుకాణం ఉంది. దరఖాస్తు పంపిన మర్నాడే ముందుగదిలో గోడకు పుస్తకాల కోసం చెక్క అర ఒకటి కొట్టించాడు. సీటు రాకపోతే దానిమీద ఏం పెడతారని ఆమె అడిగితే, నీ ఫొటో పెడతానన్నాడు.

ఆ ఇల్లు ఆమెకు ఇప్పుడిప్పుడే మచ్చికవుతోంది. చక్కెర డబ్బా ఎక్కడుంటుందో తెలిసింది. ఏ కిటికీ రెక్క వానకు ఉబ్బి మూసుకోదో తెలిసింది. ముందుగది స్విచ్‌బోర్డు మాత్రం ఇంకా లొంగినట్టు కనబడలేదు. లైటు వేయబోతే ఫ్యాను తిరిగేది. ఇంట్లో ఏ మూలనున్నా జగదీశ్వర్ పగలబడి నవ్వేవాడు.

ఇంతా చేసి ఆ సూట్‌కేసు ఆషాఢం కోసం సర్దుతున్నది. పెళ్ళైన తర్వాత వచ్చే మొదటి ఆషాఢంలో కోడలు పుట్టింట్లో ఉండాలి. ఆ నెలంతా అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు. అల్లుడు అత్తవారింటికి పోకూడదు. కాలేజీవాళ్ళేమో సోమవారం నుంచే తరగతులనీ, మొదటి నెలలో వరసగా కొన్నాళ్ళు రానివారి సీటు వెనకున్నవారికి ఇచ్చేస్తామనీ రాశారు. ఐదేళ్ళు చదువు వదిలేసిన మనిషికి ఇంకో ఏడు మళ్ళీ సీటు దొరుకుతుందని రోహిణి అనుకోలేదు.

అత్తగారు ఆండాళ్ సంగతంతా విని, కోడలి నోట్లో బెల్లంముక్క పెట్టింది.

"సీటు మంచిదే బిడ్డా. గని ఆషాఢం గూడ ఆషాఢమే."

ఆ మాట మీద వాదించే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మర్నాడు రోహిణిని బండెక్కించడానికి వచ్చిన జగదీశ్వర్, స్టేషన్‌లో రెండో ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసు బండిలో పెట్టి కిందికి దిగాడు. బండి కూత పెట్టాక అన్నాడు.

"ధర్మాబాద్ నుంచి పొద్దుగాల రోజు బండి ఉన్నది. ఎక్కి కాలేజీకి రా. మా అమ్మ ఇంటికి రావద్దన్నది గని నాందేడ్‌కు రావద్దనలే."

"మరి మీరు?"

"స్టేషన్‌కు గడప లేదు గద."

అలా మొదలైంది. పొద్దున బండి ఆగేసరికి అతను ప్లాట్‌ఫారం టికెట్ చొక్కా జేబులోంచి కనబడేలా పెట్టుకుని, చేతిలో డబ్బాతో నిలబడి ఉండేవాడు. నీళ్ళ కుళాయి పక్క బెంచీ వారిది. కాలేజీకి ఆటో ఎక్కేలోపు ఇద్దరూ అక్కడే తినేవారు. అతను దుకాణం కబుర్లు చెప్పేవాడు, ఆమె ఆకుల లోపలి సంగతులు చెప్పేది. సూక్ష్మదర్శినిలో ఆకుపచ్చ ఎలా కనిపిస్తుందో చెబితే, ఆ రంగు పైఠణీ చీర తన దుకాణంలో ఉందనేవాడు. వాన జల్లు కొట్టినప్పుడు బెంచీ ఒక చివరే పొడిగా ఉండేది. వారికి అంతకంటే చోటు అవసరమూ లేకపోయింది.

డబ్బా సంగతి తల్లికి ఎలా చెప్పారని రోహిణి అడిగింది. దుకాణంలో పనిచేసే కైలాస్‌కు ఇంటి తిండి కరువైందని, అతని పేరు చెప్పి తెస్తున్నానని ఒప్పుకున్నాడు. ఆండాళ్ మారుమాట లేకుండా రెండు గిన్నెల డబ్బా తీసేసి మూడు గిన్నెలది కట్టడం మొదలుపెట్టిందట. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, ఒకరోజు సర్వపిండి. రోహిణికి వెల్లుల్లి, అత్తగారి మాటలో ఎల్లిగడ్డ, పడదు. ఎందుకో వారం తిరిగేసరికి కూరల్లో వెల్లుల్లి మాయమైంది. ఇద్దరికీ అది వింతగా తోచలేదు. సంతోషంగా ఉన్నవారి కళ్ళకు చాలా సంగతులు ఆనవు.

వారిని చూసి వింతపడిన మనిషి వేరే ఉంది. దీపాలి అని, తరగతిలో రోహిణి పక్కన కూర్చునే మరాఠీ అమ్మాయి. ముద్ఖేడ్ నుంచి అదే బండిలో వచ్చేది. తరగతిలో అందరికంటే పెద్దదని రోహిణిని తాయీ, అంటే అక్కా అని పిలిచేది. ఉన్నట్టుండి ఒకరోజు పిలవడం మానేసి వేరే బల్లకు మారింది. రోహిణి బతిమాలి అడిగితే అప్పుడు బయటపడింది. మెడలో నల్లపూసలు పెట్టుకుని రోజూ స్టేషన్‌లో పరాయి మగవాడికి ముద్దలు తినిపించే మనిషి పక్కన తాను కూర్చోలేనని ఆ పిల్ల బాధ.

అతను నా మొగుడేనని రోహిణి చెప్పింది. మొగుడైతే స్టేషన్‌లో ఎందుకని దీపాలి నిలదీసింది. ఆషాఢం కథంతా విన్నాక నోరు తెరిచి, మీ తెలుగువాళ్ళు పెళ్ళి చేసుకున్నాక ప్రేమిస్తారా అని అడిగి, తిరిగి పాత బల్లకు వచ్చి కూర్చుంది.

నెల సగం గడిచింది. ఒక మధ్యాహ్నం పట్టిన వాన సాయంత్రానికి కూడా వదల్లేదు. రోహిణి స్టేషన్‌కు చేరేసరికి ముద్ఖేడ్ అవతల పట్టాల మీదికి నీళ్ళొచ్చాయని, ధర్మాబాద్ వైపు బండ్లు లేవని మైకులో చెబుతున్నారు. ఎప్పటికి నడుస్తాయో ఎవరూ చెప్పలేకపోయారు. తడిసి ముద్దైన జగదీశ్వర్ పరుగున వచ్చి, తల వంచుకుని లాడ్జి మాట ఎత్తాడు.

"సొంత ఊర్ల, సొంత మొగనితోని లాడ్జికా?" అంది రోహిణి. "ఇంటికే పోదాం. గడప బయట నిలవడ్త. అత్తమ్మ ఏమంటే అది."

ఆటో దిగి ఇద్దరూ మెట్లెక్కారు. రోహిణి గడపకు ఇవతలే ఆగి, పుస్తకాల సంచిని కొంగు కింద దాచుకుంది. తలుపు తెరిచిన ఆండాళ్ కొడుకును దాటి వెనక్కి చూసింది.

"బండ్లు నడుస్తలేవు అత్తమ్మా" అంది రోహిణి.

"ధర్మాబాద్‌ల ఉండాల్సిన పిల్లవు, నీకు నాందేడ్ బండితోని ఏం పని?"

జగదీశ్వర్ అందుకున్నాడు. కైలాస్ అంటూ ఏదో మొదలుపెట్టాడు.

"కైలాస్ మొన్న బట్టల మూట ఇయ్యనీకి ఇంటికి అచ్చిండు" అంది ఆండాళ్. "ఎల్లిగడ్డ కారం అడిగి మరీ తిన్నడు. ఎల్లిగడ్డ లేకుంట గిన్ని రోజులు ఎవ్వరికి వండుతున్న అనుకున్నవ్‌రా?"

జగదీశ్వర్ తన చెప్పులు చూసుకున్నాడు.

"స్టేషన్ నా గడప గాదని ఊకున్న. గిప్పుడు నా గడపకే అచ్చిర్రు."

వాన చూరు అంచునుంచి ధారగా పడుతోంది. లోపలికి రమ్మంటే మాసం మాట పోతుంది. పొమ్మంటే పట్టాలు తేలేదాకా పుట్టింటి నుంచి రోజూ రావడం కుదరదు, తరగతులు పోతాయి, వాటితో సీటు పోతుంది. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు. ఆండాళ్ గడప మీదుగా చెయ్యి చాపి సంచి అందుకుంది. కొంగుతో పుస్తకాలు ఒక్కొక్కటీ తుడిచి, ఖాళీగా ఉన్న చెక్క అర మీద నిలబెట్టింది. మనిషికంటే ముందు పుస్తకాలు ఇంట్లోకి చేరాయి.

తర్వాత లోపలికెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో బట్టల సంచి, గొడుగు ఉన్నాయి.

"అత్తాకోడండ్లు ఒక్క గడప దాటొద్దన్నరు. నాకు గూడ ఒక పుట్టిల్లు ఉన్నది బిడ్డా. అది ఎవ్వరికి యాదికి లేదు." ఆమె గొడుగు చంకలో ఇరికించుకుంది. "రేపు పొద్దుగాల బస్‌కు నాయ్‌గావ్, మా తమ్ముని ఇంటికి పోత. మాసం ఒడిసినంక అస్త. గీ రాత్రికి ఎనుకింటి జనాబాయి దగ్గర పండుకుంట. నేను ఎనుక దర్వాజ నుంచి ఎల్లినంక, నువ్వు ముందటి దర్వాజ నుంచి రా."

"మరి నేనమ్మా?" అన్నాడు జగదీశ్వర్.

"నిన్ను ఏడికి పంపాల్నో నాకు ఎవ్వరు చెప్పలే" అని ఆమె ముందుగది లైటు ఆర్పి వెనక్కి తిరిగింది.

వెనక తలుపు గొళ్ళెం చప్పుడైంది. అది వినబడేదాకా ఆగి, రోహిణి కుడికాలు లోపల పెట్టింది. చీకట్లో చెయ్యి చాపి స్విచ్ నొక్కింది. లైటు వెలిగింది. నవ్వడానికి సిద్ధంగా ఉన్న జగదీశ్వర్ నోరు అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు నేర్సుకున్నవ్?"

"అచ్చిన వారంలనే. మీరు నవ్వుతరని తప్పుది ఒత్తేదాన్ని."

అతను తువ్వాలు తెచ్చిచ్చాడు. ఆమె తల తుడుచుకుంటూ అర మీది పుస్తకాలు చూసింది. రేపటి నుంచి హాయిగా ఇంట్లోనే తినొచ్చని అతను అంటున్నాడు.

"ఒద్దు" అంది రోహిణి. "రేపు పొద్దుగాల అత్తమ్మను మనమే బస్సెక్కిద్దాం, బస్‌స్టాండ్‌కు గూడ గడప లేదు. ఆమెకు దారిల తిననీకి రొట్టెలు నేను చేస్త. అట్లనే మన డబ్బ గూడ కడ్త. ఆడికెల్లి సీద రెండో ప్లాట్‌ఫారం మీదికి పోదాం. ప్లాట్‌ఫారం టికెట్లు మీరే కొనాలె. రేపు ఇద్దరికి."