చూడి లేదన్న ఆవు

నతానియేలును దాణా గదిలో వేసి తాళం బిగించారు. కిటికీ జాలీలోంచి పశువుల కొట్టం, దాని అవతల గేటు, గేటు దగ్గర మూగిన ఎంకపల్లి జనం కనిపిస్తున్నారు. చూడి ఆవును తన్నినవాడని పేరు పడితే మొయినాబాద్ చుట్టుపక్కల ఏ డెయిరీలోనూ పని దొరకదు.

జరిగింది ఇదీ. తెల్లారి లేచేసరికి పెద్ద ఆవు ఈని ఉంది. మాయ పడి ఉంది గానీ దూడ లేదు. మూడు నెలల కిందటి స్కానింగ్ ప్రకారం దానికింకా ఆరో నెలే. వీడు తన్నడం వల్లే నెలలు నిండకుండా ఈచుకుపోయిందని, దూడను ఎక్కడో పాతిపెట్టాడని మేనేజరు జంగయ్య ఊరంతా వినేలా అరిచాడు. నతానియేలు చేరి నెలే అయింది. కొత్తవాడి మాట ఎవరు వింటారు?

భార్య కరుణమ్మ ఊరుకుంటుందా? చేవెళ్ల పోయి డిటెక్టివ్ విజయరాణిని వెంటబెట్టుకొచ్చింది. ఆమె వెనకే సహాయకుడు ప్రశాంత్, ఆమె ఎటు చూస్తే అటే చూస్తూ.

విజయరాణి జాలీ దగ్గర నిలబడింది. "పొదుగు ఎట్లుండె తమ్మీ?"

"నిండుగ దిగింది మేడం. జంగయ్యన్ననే పిండి, జున్నుకని పాలు తీసుకున్నడు."

"స్కానింగ్‌కు ఆవును పట్టుకున్నదెవరు?"

"ఆయననే అంట. అప్పటికి నేను లేను."

కొట్టంలోని రెండో ఆవు చిన్నది, పెద్దదాని చెల్లెలు, అవే నలుపు తెలుపు మచ్చలు. దానికి చూడి కట్టలేదని జంగయ్య అందరికీ చెప్పాడు. విజయరాణి దాని పొట్ట వైపు చాలాసేపు చూసింది. యజమాని రామచంద్రయ్య పట్నం నుంచి వచ్చి కారు దిగేసరికి ఆమె పశువుల డాక్టరమ్మను పిలిపించి, చిన్న ఆవుకే స్కానింగ్ చేయమంది.

"చూడి లేనిదానికి స్కానింగా? పైసలు ఎక్కువైనయా మేడం?" అని జంగయ్య నవ్వాడు.

డాక్టరమ్మ పొడవాటి తొడుగు వేసుకుని పరికరాన్ని లోపలికి పంపింది. తెర మీద బూడిదరంగు మబ్బులు కదిలాయి. నడుమ ఓ నల్లటి గుండ్రం నిలిచింది. దూడ కన్ను. దాన్ని కొలిచి, ఆరో నెల అంది.

జంగయ్య నవ్వు ఆగింది. విజయరాణి కొట్టంలో ఉన్నవాళ్లందరినీ జాలీ ముందుకు పిలిచింది.

"మూడు నెలల కింద స్కానింగ్ అయింది గీ చిన్నదానికే. పెద్దదని చెప్పి జంగయ్య దీన్ని నిలబెట్టిండు. రెండింటికీ చూడి కట్టే సూది వేయించింది తనే, ఏది ఎన్నో నెలో తనకు ఎరుకే. పెద్దదానికి తొమ్మిది నిండి మంచిగ ఈనింది, అందుకే పొదుగు నిండుగ దిగింది. ఆరో నెలే అంటే, ఇంకా టైమున్నదని ఈనేటప్పుడు మీరెవరు కావలుండరు. దూడను మాయం చేసి కొత్తోని మీదికి తోసిండు."

"రుజువేది?" అన్నాడు జంగయ్య.

ఆమె సైగ చేయగానే ప్రశాంత్ జంగయ్య బండి డిక్కీ తెరిచి సీసా తెచ్చాడు. నిండా పసుపుపచ్చని జున్నుపాలు, మూతికి దూడలకు పాలు పట్టే రబ్బరు చన్ను.

"జున్ను వండుకునే పాలను దీంట్ల పోస్తరా జంగయ్యా?"

ఆడదూడ పక్కనున్న ప్రొద్దుటూరు ఊళ్లో బామ్మర్ది కొట్టంలో ఉందని జంగయ్య ఒప్పుకున్నాడు.

ప్రశాంత్ తాళం తీశాడు. రామచంద్రయ్య తప్పయిందని, బయటికి రమ్మని పిలిచాడు. నతానియేలు దాణా బస్తా మీద నుంచి లేవలేదు.

"నన్ను లోపలేసినప్పుడు జంగయ్యన్న గేటు కాడికి ఇనపడేటట్టు మొత్తుకున్నడు బాపు. ఇప్పుడు మీరు గూడ గట్లనే చెప్పుర్రి. అప్పుడొస్త."

రామచంద్రయ్య గేటు వైపు నడిచాడు. నతానియేలు ఆవును తన్నలేదని జనానికి చెప్పాడు.

"వెనకోళ్లకు ఇనపడలే సార్," అంది కరుణమ్మ.

ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు. అప్పుడు నతానియేలు గడప దాటాడు.