ఆ పెద్దామె పేరు

సోమవారం పొద్దున ఆరున్నరకల్లా యేసుమణి అన్నం డబ్బా గుడ్డసంచిలో పెట్టుకుని, తలకు తుండు చుట్టుకుని, కూలీల ఆటో ఆగే చోటికి వచ్చింది. మిరపకాయలు కోసే రోజులు. కొమరోలుకు ఇవతలి చేలో ఇంకా నాలుగు రోజుల పని ఉంది. ఎప్పుడూ ఆమె రాగానే పక్కింటి చెంచమ్మ జరిగి చోటిచ్చేది. ఆ రోజు సంచి పక్కన పెట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

"కొంచెం జరుగు చెంచమ్మా."

చెంచమ్మ రోడ్డు వైపే చూస్తూ జరిగింది. ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక కూర్చున్న మల్లి అనే అమ్మాయి ఉండబట్టలేక అడిగింది.

"పెద్దమ్మా, హెప్సిబక్క ఫోను రోట్లో వేసి దంచినావంట, నిజమేనా?"

యేసుమణికి నవ్వొచ్చింది. "ఎవరే నీకు చెప్పింది?"

"అక్కే చెప్పింది, నిన్న టీవీలో. ఏడ్సుకుంట చెప్పింది."

హెప్సిబా యేసుమణి కోడలు. 'మీలో డైరెక్టర్' అనే పోటీకి ఎంపికై నెలన్నరగా హైదరాబాదులో ఉంటోంది. సినిమాలు తీయాలని కలలు కనే పన్నెండు మందిని ఒకచోట పెట్టి, వారం వారం చిన్న చిన్న సినిమాలు తీయించి, అక్కడ కూర్చుని చూసే జనం ఓట్లు తక్కువ పడిన వాళ్ళను ఇంటికి పంపే పోటీ అది. ఆదివారం సాయంత్రం ఏడింటికి టీవీలో వస్తుంది. నిన్న కూడా యేసుమణి అన్నం వండి, స్నానం చేసి, టీవీ ముందు కూర్చుంది. మొదలైన కాసేపటికే కొడుకు జీవన్ కుమార్ లేచి, సిగ్నల్ పోయిందని కట్టేశాడు.

సిగ్నల్ ఎందుకు పోయిందో ఆమెకిప్పుడు అర్థమైంది. మలుపు దగ్గర ఆటో ఆపించి దిగి, ఇంటికి వెనక్కి నడిచింది.

జీవన్ కుమార్ కరెంటు పనికి బయల్దేరుతూ వైర్ల సంచి సర్దుకుంటున్నాడు. తండ్రి కరుణాకరం మేకలకు కొమ్మలు వేస్తున్నాడు.

"ఫోన్లో చూపియ్యి" అంది యేసుమణి.

"ఏందమ్మా?"

"నిన్న నువ్వు కట్టేసింది."

కొడుకు తల దించుకుని ఫోను తీశాడు. ఎత్తైన కుర్చీలో, లైట్ల కింద హెప్సిబా కూర్చుని ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. "మా అత్తమ్మకు నేను సినిమాలు తీయడం ఇష్టం లేదు సార్" అంటోంది. ఆ వెంటనే ఏడుపు సంగీతం. పెద్ద కుంకుమ బొట్టు పెట్టుకున్న ఒక లావుపాటి ఆడమనిషి ఎవరిదో ఫోను లాక్కుని, రోట్లో వేసి రోకలితో దంచింది.

"నాకు బొట్టేంది?" అంది యేసుమణి. "మనింట్లో రోలెక్కడుంది?"

"అది వాళ్ళే తీసుకున్నారమ్మా. ఎవరో యాక్టరు."

ఆ తర్వాత హెప్సిబా తీసిన సినిమాలోంచి ఒక ముక్క వేశారు. నీళ్ళ ట్యాంకరు కోసం ఎండలో ఎదురుచూసే ముసలామె కథ అది. చూసినంతసేపూ పోటీ జడ్జి రెప్ప వేయలేదు. అయిపోయాక, "ఈమె ఎవరమ్మా, పేరు మోసిన నటులు కూడా ఇట్లా చేయలేరు" అన్నాడు.

హెప్సిబా ఒక్క క్షణం ఆగింది. "మా ఊళ్ళో ఒక పెద్దామె సార్" అంది.

"ఇంకోసారి పెట్టు" అంది యేసుమణి. కొడుకు పెట్టాడు. మూడుసార్లు పెట్టించుకుంది. తర్వాత ఫోను వాడి చేతికిచ్చేసి అరుగు మీద కూర్చుంది.

ఆ పెద్దామె యేసుమణే.

హెప్సిబా పుట్టిల్లు పుల్లలచెరువు దగ్గర. పోటీకి పంపే సినిమా అక్కడి నీళ్ళ కరువు కథ కాబట్టి అక్కడే తీయాలని పట్టుబడితే, యేసుమణి కూలి మానుకుని మూడు రోజులు కోడలి వెంట వెళ్ళింది. చెప్పులు లేకుండా గులకరాళ్ళ మీద బిందె మోస్తూ నడిస్తే కాళ్ళు బొబ్బలెక్కాయి. ఏడవమంటే చనిపోయిన తన తల్లిని తలుచుకుని ఏడ్చింది. అంతకు ముందు తీసిన సినిమాలకు ఎండలో నిలబడి, మొహాల మీద వెలుగు పడేలా థర్మాకోల్ అట్ట పట్టుకుంది. కోడలు ఫోనుతో సినిమా తీస్తూ వెనక్కి నడుస్తుంటే పడిపోకుండా నడుం పట్టుకుని తానూ వెనక్కి నడిచింది. వీధిలో నవ్విన వాళ్ళతో, "నవ్వండి, రేపు టీవీలో వస్తది మా పిల్ల" అని వాదించింది.

టీవీలో వచ్చింది.

ఆ వారమంతా యేసుమణి తలెత్తుకోలేకపోయింది. గిద్దలూరు బస్సులో ఊళ్ళోవాళ్ళు చూపిస్తే, ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు కూడా ఆమెను చూసి గుసగుసలాడారు. సాయంకాలం ప్రార్థనకు వెళితే పాస్టరమ్మగారు చెయ్యి పట్టుకుని, "కోడళ్ళను కన్నబిడ్డల్లాగా చూసుకోవాల యేసుమణీ. నీ మనసు మారాలని ప్రార్థన చేస్తున్నాం" అంది. యేసుమణి చెయ్యి విడిపించుకుని ఇంటికి వచ్చేసింది.

చెంచమ్మను మాత్రం గట్టిగానే అడిగింది. "నువ్వు పక్కింట్లో ఉండేదానివి. ఎన్నడన్నా నా నోరు లేచిందా ఆ పిల్ల మీద?"

"నాకేం తెలుసక్కా" అంది చెంచమ్మ. "సినిమాలో అంత బాగా చేస్తివి. ఇన్నేళ్ళు మా ముందర కూడా చేసినావేమో."

శుక్రవారం పది గంటలకు ఇంటి ముందు తెల్ల కారు ఆగింది. హెప్సిబా దిగింది, ఆమె వెనక మెడలో కార్డు వేలాడేసుకున్న ఒక మనిషి. పోటీ కార్యక్రమం తాలూకు మనిషి. వచ్చీ రాగానే నవ్వుతూ దండం పెట్టి, జేబులోంచి కాగితం తీశాడు.

"రేపు ఫ్యామిలీ రౌండ్ అమ్మా. చివరి ఐదుగురిలో మీ కోడలుంది. మీరొచ్చి రెండు మాటలు చెప్పాలి. 'నన్ను క్షమించు తల్లీ, నీ కలను తొక్కేయాలని చూశాను' అంటారు. కొత్త కెమెరా మేమే ఇస్తాం, మీ చేతుల మీదుగా ఇస్తారు. కోడలు మీ కాళ్ళ మీద పడుతుంది, మీరు లేపి కౌగిలించుకుంటారు. స్టేట్ అంతా ఏడుస్తుంది చూడండి."

"నేను రాకుంటే?"

"రాకపోతే..." అతను హెప్సిబా వైపు చూశాడు. "ఓట్లు పడవమ్మా. ఇంటికొచ్చేస్తుంది."

"నువ్వు బయట కూర్చో నాయనా" అంది యేసుమణి.

అతను కారు దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో నలుగురూ మిగిలారు. జీవన్ కుమార్ ముందు నోరు విప్పాడు.

"రెండు నిమిషాల యాక్టింగు గదమ్మా. నువ్వు చేసినావు గదా ఇంతకు ముందు."

"చేసినా. అది ఎవరిదో బతుకని చేసినా. ఇది నా బతుకు. నా పేరుతో నా బతుకును నేనే పాడు చేసుకుని రావాల్నా?"

"అది గెలిస్తే మనకు మంచిదే గదా."

"సిగ్నల్ పోయిందన్నవాడివి. నువ్వు మాట్లాడబాక." ఆమె కోడలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఎప్పుడు దంచినా నీ ఫోను?"

హెప్సిబా గోడకు ఆనుకుని నిలబడింది. "దంచిందని నేను చెప్పలేదత్తమ్మా. వాళ్ళు కల్పించుకున్నారు."

"ఇష్టం లేదని చెప్పింది వాళ్ళా?"

"ఒక్కొక్కరినీ గదిలో కూర్చోబెట్టి మీ కష్టం ఏందని అడిగినారు. ఒకామెకు నాయన లేడు. ఇంకొకాయన బస్టాండులో పడుకున్నాడంట. నాకు చెప్పేదానికి ఏమీ లేదు. ఇంట్లో అందరూ సాయం చేసినారని చెప్పినా. రాసుకునే ఆయన పెన్ను కింద పెట్టేసినాడు. 'కష్టం లేకుంటే జనం నీకెందుకు ఓటేస్తారు, ఎవరూ ఒక్క మాట కూడా అనలేదా' అన్నాడు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి, 'అన్నం మాడిపోతుంటే ఫోను పట్టుకున్నావేంది' అన్నావు గదా. అది చెప్పినా. అది చెప్తే ఆయన మొహం వెలిగింది. ఇంకా చెప్పు అన్నాడు. భయమైంది అత్తమ్మా, ఆ వారం నేను చివర్లో ఉన్నా."

యేసుమణి పీట లాక్కుని కూర్చుంది.

"సరే. అది భయం. మరి ఆ సినిమాలో ఎవరమ్మా అని ఆ పెద్దాయన అడిగితే? ఆ మాట ఎవరు రాసిచ్చినారు నీకు?"

హెప్సిబా అత్త కాళ్ళ వైపు చూసింది.

"నా పేరు చెప్తే కథ చెడిపోతదని ఊళ్ళో పెద్దామెను చేసినావు. బొబ్బలెక్కిన కాళ్ళకు నువ్వే గదనే ఆముదం రాసింది. నీ నోటికి నా పేరు రాలేదా?"

అంతవరకు తలుపు దగ్గర కూర్చున్న కరుణాకరం లేచాడు. ఏళ్ళ తరబడి ఇంట్లో పెద్దగా గొంతెత్తని మనిషి. "ఆమె రాదు. ఎవరూ అడగబాకండి" అన్నాడు, బయటికి పోయాడు.

హెప్సిబా చెంగుతో మొహం తుడుచుకుంది. "నేనూ తీసుకుపోను మామయ్యా" అని గడప అవతలికి వినపడేలా అని, వెళ్ళి కారెక్కింది. యేసుమణి గడప దాకా రాలేదు.

సోమవారం మధ్యాహ్నం హెప్సిబా పెట్టెతో తిరిగి వచ్చింది. స్టేజీ మీద అందరి ముందూ నిజం చెప్పేసిందట. మా అత్తమ్మ నన్ను ఆపలేదు, ఈ సినిమాలో చేసింది ఆమే, నేను అబద్ధం చెప్పాను అని చెప్పిందట. జడ్జి లేచి చప్పట్లు కొట్టాడట. ఓట్లు మాత్రం పడలేదు.

"ఈ ఆదివారం వస్తది అత్తమ్మా. అందరూ చూస్తారు" అంది.

ఆ ఆదివారం సాయంత్రం యేసుమణి తానే వెళ్ళి చెంచమ్మను పిలిచింది. మల్లిని పిలిచింది, ఆటోలో వచ్చే వాళ్ళందరినీ పిలిచింది. చాపలు పరిచింది. టీ పెట్టింది. ఏడింటికి పదిహేను మంది టీవీ ముందు కూర్చున్నారు.

హెప్సిబా స్టేజీ మీదికి వచ్చింది. నోరు కదులుతోంది, మాట వినిపించడం లేదు. సంగీతమే వినిపిస్తోంది. జడ్జి చప్పట్లు కొట్టాడు, ఎందుకు కొట్టాడో తెలియలేదు. పక్కన ఖాళీ కుర్చీని దగ్గరగా చూపించారు. "చివరి నిమిషం వరకు ఎదురుచూసినా అత్తగారు రాలేదు. ఒక కోడలి కల ఇక్కడే ఆగిపోయింది" అంది యాంకరు. ఆ వెంటనే రోట్లో ఫోను దంచే ముక్క మళ్ళీ వేశారు.

ఒక్కొక్కరే లేచారు. చెంచమ్మ గ్లాసు కింద పెట్టి, "ఇది చూపించేదానికా పిలిచినావు" అని వెళ్ళిపోయింది.

యేసుమణి చాపలు చుట్టి మూల పెట్టింది. "నోరు కోసేసినారు" అంది. "తప్పు ఒప్పుకున్న నోరు కూడా కోసేసినారు. ఇంక ఎవరికి చెప్పుకోవాల నేను? ఆ టీవీ వాళ్ళ ఇంటి అడ్రసు ఉందా ఎక్కడన్నా?" హెప్సిబా టీవీ వాళ్ళకు ఫోను చేసింది. ఒకరు ఇంకొకరికి చెప్పమన్నారు, ఇంకొకరు ఎత్తలేదు. వారమంతా అదే తంతు. ఆ వారమంతా అత్త కోడలిని పేరు పెట్టి పిలవలేదు. అన్నం పళ్ళెంలో పెట్టి, మూత వేసి పక్క గదిలో ఉంచేది.

మరుసటి ఆదివారం చర్చిలో పాటలయ్యాక పాస్టరుగారు, సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. ఒకాయన జ్వరం తగ్గిందని చెప్పాడు. ఒకామె కొడుకుకు పని దొరికిందని చెప్పింది. ఆడవాళ్ళ వైపు చివరి వరసలోంచి హెప్సిబా లేచింది. ముందుకు వచ్చి మైకు పట్టుకుంది. ఇక్కడ లైట్లు లేవు. కుర్చీ లేదు. ఫ్యాను చప్పుడొకటే.

"సాక్ష్యం చెప్పను రాలేదు అయ్యగారూ. అబద్ధ సాక్ష్యం చెప్పినా, అది వెనక్కి తీసుకోను వచ్చినా."

పాస్టరుగారు ఒక అడుగు పక్కకు జరిగారు.

"టీవీలో చెప్పింది అబద్ధం. ఓట్ల కోసం చెప్పినా. వాళ్ళు పెంచినారు, నిజమే, కానీ మొదటి మాట నాది. మా అత్తమ్మ నా ఫోను పగలగొట్టలేదు. నేను వెనక్కి నడుస్తుంటే పడకుండా పట్టుకునింది. ఆ సినిమాలో ఎండలో నిలబడిన పెద్దామె మా అత్తమ్మ. పేరు యేసుమణి. ఆ పేరు స్టేజీ మీద అడిగినప్పుడు చెప్పలేదు. మీరందరూ ఆమెను అన్న మాటలు నన్ను అనండి. ఆమెను అనబాకండి."

యేసుమణి కొంగు తల మీదికి లాక్కుని, మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. చెంచమ్మ రెండు వరసలు దాటి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది.

ప్రార్థన ముగిశాక పాస్టరమ్మగారు గుమ్మం దగ్గర ఎదురొచ్చింది. "మాకు తెలియలేదు యేసుమణీ."

"ప్రార్థన చేసినారు గదమ్మగారూ, సంతోషం" అంది యేసుమణి. "ముందు నన్నొక మాట అడిగి ఉంటే ఇంకా సంతోషంగా ఉండేది."

ఇంటికి నడుస్తుంటే హెప్సిబా పది అడుగులు వెనకే ఉండిపోయింది. వాకిట్లోకి వచ్చాక యేసుమణి కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళి, రెండు పళ్ళేలు తీసి పక్కపక్కనే పెట్టింది. కోడలు గడప మీదే నిలబడింది.

"రా హెప్సీ. అన్నం చల్లారిపోతది."

ఆ పిలుపు విని హెప్సిబా ఉన్నచోటే కూలబడి, చిన్నపిల్లలాగా వెక్కి వెక్కి ఏడ్చింది. యేసుమణి వెళ్ళి చెయ్యి పట్టి లేపింది.

"కోపం పోయిందనుకోబాక. ఇంకా కొన్నాళ్ళు ఉంటది. ఉండనీ. నీ మీద కోపముంటే నీతోనే చెప్పుకోవాల గానీ, మాట్లాడకుండా ఒక ఇంట్లో ఎట్ల బతికేది. ఈ వారమంతా నాకు ముద్ద దిగలేదు."

"నాకూ దిగలేదత్తమ్మా."

"తెలుసు. పళ్ళేలు కడిగింది నేనే గదా" అంటూ యేసుమణి కళ్ళు తుడుచుకుని, ముందు కోడలికి వడ్డించింది.