డక్టు ముందు చెప్పులు

ఆసుపత్రి డాబా మీద ఏసీ గాలిని మోసుకెళ్లే రేకు డక్టులు ఉంటాయి. మనిషి పాక్కుంటూ దూరేంత వెడల్పు. ఎండకీ వానకీ తుప్పు పట్టి చిల్లులు పడకుండా వాటిని కాపాడటమే మా బావ పనీ, నా పనీ. తుప్పు గీకడం, ఎర్ర ప్రైమర్ పూయడం, అతుకుల్లో నీళ్లు దిగకుండా సీలెంట్ దట్టించడం. చూసేవాళ్లకి చిన్న పనే. చేస్తే నడుముకి తెలుస్తుంది.

బావకి ఒకటే చాదస్తం. లోపలికి దూరేవాడు చెప్పులు డక్టు తలుపు ముందు విప్పాలి. అవి అక్కడ ఉన్నంతసేపూ ఎవరూ తలుపు మూయకూడదు. "అవే మన హాజరు పట్టీ, బామ్మర్దీ" అనేవాడు. నేను నవ్వేవాణ్ని.

ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. అక్కకి నెలలు నిండాయి. పెందలాడే ఇంటికి పోవాలని బావ పొద్దుటి నుంచీ ఒకటే కంగారు. ఏసీ ఆపించి, లోపలి అతుకులు చూడటానికి దూరాడు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. తడిసిపోతాయని ఆయన చెప్పులు తీసి టార్పాలిన్ కింద పెట్టాను. పాడు బుర్ర! మంచి పనే చేశాననుకున్నాను.

డబ్బాలు సర్దుతుంటే వెనక నుంచి బావ గొంతు.

"మూసెయ్."

తిరిగి చూశాను. బావే. ఒంటి నిండా తుప్పు పొడి. నేను అటు తిరిగినప్పుడు బయటికొచ్చి ఉంటాడనుకుని, గబగబా తలుపు పెట్టి స్క్రూలు బిగించాను. చుట్టూ సీలెంట్ పట్టించాను. పచ్చి ఇనుము వాసన గుప్పుమంది. బావ ఓ చెయ్యి వెయ్యలేదు. కదల్లేదు.

టక్.

రేకు లోపలి నుంచి...

టక్... టక్...

"బామ్మర్దీ... ఏంట్రా ఈ ఆటలు... ఊపిరాడట్లేదు..."

అదీ బావ గొంతే.

"తియ్యకు," అన్నాడు నా పక్కనున్నవాడు, మెల్లగా.

అప్పుడు తట్టింది. వచ్చినవాడు చెప్పులెక్కడని అడగలేదు. ఇంత వానలోనూ వాడి ఒంటి మీద తుప్పు పొడి తడవలేదు...

ఏ బావని నమ్మాలి? తప్పు చేస్తే అక్కకి నా మొహం ఎలా చూపించాలి? ఏడుస్తూనే ఒక్కో స్క్రూ ఊడదీశాను. తలుపు తెరుచుకుంది. బావ దగ్గుతూ, చెమటతో ముద్దై, నా మీద పడ్డాడు.

"నీ దుంప తెగ! చంపేసేవాడివి కదరా!"

ఆ తిట్టు వింటే ప్రాణం లేచొచ్చింది. చుట్టూ చూశాను. డాబా మీద మేమిద్దరమే.

ఆయన్ని పట్టుకుని మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. అక్క.

"తమ్ముడూ, మీరిద్దరూ ఏమైనా గొడవ పడ్డార్రా?" గుసగుసగా అడిగింది. "మీ బావ ఇప్పుడే వచ్చారు. ఉలకరు, పలకరు. గడియ వేసి, నా కడుపు మీద చెవి ఆనించి... లోపల ఎవరో కథ చెబుతున్నట్టు ఊ కొడుతున్నారు."